కరెంటు పొదుపునకు కళాశాల సాయము
మిల్లులకు, గిడ్డంగులకు, గ్రామ పంచాయతీలకు పనికివచ్చు పద్ధతులు

చిల్లుకుండలో ఎంత నీరు పోసినను నిలువదు. అయితే కుండకు పడిన చిల్లు కంటికి కనబడును. కరెంటు కారిపోవు చిల్లు కనబడదు. మోటారు తిరుగుచునే ఉండును, దీపము వెలుగుచునే ఉండును, నెల తిరుగగానే బిల్లు చేతికి వచ్చును. ఆ బిల్లులో పనికి ఎంత పోయినది, వృథాగా ఎంత పోయినది అను సంగతి మాత్రము తెలియదు. అది తెలియవలెనన్న కొలవక తప్పదు. కొలుచు పరికరములు, కొలుచు విద్య వరంగల్లులోని ఇంజనీరింగు కళాశాలలలోనే ఉన్నవి. వానిని మన మిల్లులకు, మన పంచాయతీలకు ఎట్లు తెచ్చుకొనవలెనో, అంతకుముందు మనము స్వయముగా చేసికొనగల పరీక్షలేవో ఇచ్చట తెలిసికొందము.

మిల్లు బిల్లుతో రైతునకు పనియేమి?

వ్యవసాయమునకు కరెంటు ఉచితముగా వచ్చుచుండగా, మిల్లు బిల్లుతోను గిడ్డంగి బిల్లుతోను మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. మీ ధాన్యము మర పట్టించిన ఖర్చులో మిల్లు కరెంటు ఒక భాగము. మీ మిర్చి బస్తాలకు చెల్లించు గిడ్డంగి అద్దెలో యంత్రముల కరెంటు ఒక భాగము. సహకార సంఘమునకుగాని, రైతు ఉత్పత్తిదారుల సంఘమునకుగాని చిన్న మిల్లు ఉన్నచో ఆ బిల్లు నేరుగా సభ్యులదే. ఇక గ్రామ పంచాయతీ సంగతి చెప్పనక్కరలేదు. వీధి దీపములకు, మంచినీటి పంపులకు పోవు ప్రతి రూపాయి మురుగు కాలువకో, బడి మరమ్మతునకో పోవలసిన రూపాయియే.

ఇతర ప్రాంతములలో జరిగిన పని

చిన్న పరిశ్రమకు సొంత ఇంజనీరును పెట్టుకొను స్తోమతు ఉండదు. కళాశాలలో విద్యార్థులకు చేతిపని నేర్చుకొనుటకు నిజమైన యంత్రములు కావలెను. ఈ రెండు అవసరములను జతపరచి 1976లో అమెరికా దేశమున ఒక పథకము ప్రారంభమైనది. అచ్చటి విశ్వవిద్యాలయముల ఆచార్యులు విద్యార్థుల జట్టుతో చిన్న, నడితరగతి కర్మాగారములకు పోయి ఒక దినము ఉండి మోటారులను, బాయిలర్లను, గాలి కంప్రెసర్లను, దీపములను కొలిచెడివారు. రెండు నెలలలోగా ఒక నివేదిక పంపెడివారు. ఏ మార్పు చేసిన ఎంత పొదుపగును, దానికెంత ఖర్చగును, పెట్టిన సొమ్ము ఎన్నాళ్లలో తిరిగి వచ్చును అను మూడు ప్రశ్నలకు అందులో జవాబు ఉండెడిది. కర్మాగారము పైసా చెల్లింపనక్కరలేకుండెను. ఖర్చు ప్రభుత్వము భరించెడిది. 2023 నాటికి ఇట్టి పరీక్షలు ఇరవై వేలకు పైగా జరిగినవి. ఊరి మురుగునీటిని శుభ్రపరచు కేంద్రములవంటి ప్రజోపయోగ స్థలములకు కూడ ఈ సాయము అందినది.

మన దేశమున 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చినది. దాని క్రింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. పదకొండవ పంచవర్ష ప్రణాళికా కాలములో ఈ బ్యూరో చిన్న పరిశ్రమలు గుంపుగా ఉన్న 25 ప్రాంతములను దేశములో ఎన్నుకొన్నది. అందులో వరంగల్లు ధాన్యపు మిల్లులు ఒకటి. భీమవరము ఐసు ఫ్యాక్టరీలు, గోదావరి జిల్లాల అగ్గిఇటుకల పరిశ్రమ కూడ ఆ జాబితాలో చేరినవి. అనగా మన మిల్లులలో పొదుపునకు అవకాశమున్నదని దేశస్థాయిలో గుర్తించి చాలకాలమైనది.

హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు ఇంటికప్పుల వేడిని తగ్గించు పద్ధతులపై పరిశోధన చేసిరి. 2017లో నగరములోని ఒక పేదల బస్తీలో ఇరువదికి పైగా ఇండ్ల కప్పులపై వేడిని త్రిప్పికొట్టు తెల్లని పొర పరచి చూచిన ప్రయోగములో వారు పాలుపంచుకొనిరి. ఇట్టి పనుల ఆధారముతోనే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. కళాశాలలో కొలిచిన కొలత ప్రభుత్వ విధానము వరకు పోగలదనుటకు ఇది మంచి దృష్టాంతము.

వరంగల్లులో ఉన్న వసతులు

హనుమకొండ నుండి కాజీపేటకు పోవు దారిలోని పెద్ద ఇంజనీరింగు కళాశాల మీకందరకు తెలిసినదే. 1959 అక్టోబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. దేశములోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో ఇదియే మొదటిది. 2002లో దీనికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అను హోదా వచ్చినది; నిట్ అని అందరు పిలుచుచున్నారు. విద్యుత్తు, యంత్రము, రసాయనము ఈ మూడు శాఖలును అందున్నవి. మిల్లులోని మోటారునకు మొదటి శాఖ, బ్లోయరునకు, పంపునకు రెండవది, బాయిలరు మంటకు మూడవది పనికివచ్చును. ఇదిగాక కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, ప్రభుత్వ పాలిటెక్నిక్ కూడ వరంగల్లులో ఉన్నవి.

ఉన్నత విద్యాసంస్థలు పల్లెలను ఎన్నుకొని వాని సమస్యలపై పనిచేయవలెనని 2014లో ఉన్నత భారత్ అభియాన్ అను కేంద్ర పథకము వచ్చినది. పంచాయతీ పక్షమున ఉత్తరము వ్రాయునపుడు ఈ పథకము పేరు చెప్పుట మంచిది. రాష్ట్రములో ఇంధన పొదుపు పనులను చూచు బాధ్యత పునరుత్పాదక ఇంధన వనరుల అభివృద్ధి సంస్థది, అనగా టీజీ రెడ్కోది. నిపుణులైన ఆడిటర్ల వివరములకు ఆ కార్యాలయమును అడుగవచ్చును.

చల్లకు వచ్చి ముంత దాచనేల? మీకు కావలసినదేమో ఉత్తరములో స్పష్టముగా వ్రాయుడు. విద్యార్థుల చదువులో భాగముగా చేయు పరీక్ష వేరు, సంస్థ పేరున సంతకముతో ఇచ్చు సలహా నివేదిక వేరు. రెండవదానికి సాధారణముగా రుసుము ఉండును. ఎంతయో, ఎన్ని దినములు పట్టునో ముందుగానే వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

ఊరి నీటి పంపు: మీరే చేయగల పరీక్ష

ఈ పరీక్షకు మీటరు, గడియారము, కొలత టేపు ఉన్నచాలును. ఒక సూత్రము గుర్తుంచుకొనుడు. పంపు, మోటారు ఏ నష్టము లేకుండ పనిచేసినచో ఒక యూనిట్ కరెంటుతో వేయి లీటర్ల నీరు 367 మీటర్ల ఎత్తునకు పోవును. కావున ఎక్కించిన నీటిని వేల లీటర్లలో లెక్కించి, దానిని ఎత్తుతో హెచ్చించి, 367చే భాగించినచో తప్పనిసరిగా పట్టు యూనిట్లు వచ్చును.

ఒక ఉదాహరణ తీసికొందము. మీ ఊరి ట్యాంకు 60 వేల లీటర్లది. బోరులో నీరు 18 మీటర్ల లోతున ఉన్నది. ట్యాంకులోనికి గొట్టము చేరు చోటు నేలనుండి 12 మీటర్లు. మొత్తము ఎత్తు 30 మీటర్లు. 60ని 30చే హెచ్చించిన 1800. దానిని 367చే భాగించిన సుమారు 4.9 యూనిట్లు. ఇప్పుడు ఊరిలోనికి పోవు వాల్వును మూసి, ఖాళీ ట్యాంకును నింపి, ముందు వెనుకల మీటరు అంకెలను వ్రాసికొనుడు. 10 యూనిట్లు పట్టినచో సెట్టు నూటికి 49 వంతుల పని చేయుచున్నది, అది మంచిదే. 20 యూనిట్లు పట్టినచో నాలుగింట ఒక వంతే పని, మిగిలిన మూడు వంతులు వృథా. రోజునకొకసారి ట్యాంకు నింపు ఊరిలో ఈ రెంటికి గల తేడా సంవత్సరమునకు 3,650 యూనిట్లు.

పంపింగు చేయుచుండగా బోరులో నీటిమట్టము దిగిపోవును. కావున లోతును పంపు ఆడుచుండగనే కొలవవలెను. లేనిచో లెక్క తప్పును.

వృథా ఉన్నదని తేలినంత మాత్రమున మోటారు మార్చుటకు పరుగెత్తకుడు. లోపము పంపు రెక్కలలో ఉండవచ్చును, ఇరుకు గొట్టములో ఉండవచ్చును, తక్కువ వోల్టేజిలో ఉండవచ్చును, లోతునకు సరిపడని సెట్టును కొనుటలో ఉండవచ్చును. అది ఏదియో తేల్చుట మన చేతిలోని పని కాదు. అచ్చటనే ఇంజనీరు కావలెను. ఈ అంకెలు ఉత్తరములో చేర్చి పంపినచో అతని పని సగము తేలిక యగును.

వీధి దీపములు, బడి, కార్యాలయము

20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నూరు ఉన్న ఊరిలో అవి పగలు పండ్రెండు గంటలు ఆర్పక వెలిగినచో రోజునకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు సూర్యుని ఎదుట దీపము పెట్టినట్లే. మంచి దీపములు కొనినను మీట లేనిచో పొదుపు లేదు. వీధి దీపములకు ప్రత్యేకముగా మూడవ తీగ, మీటరు, వేళకు వెలిగించి ఆర్పు టైమరు ఉన్నవో లేవో కార్యదర్శిగారు స్వయముగా చూడవలెను. తీగ లేని వీధుల పేర్లు వ్రాసి విద్యుత్ శాఖ వారికి పంపవలెను.

బడిలో పాత పంకా ఒక్కొక్కటి 75 వాట్లు పట్టును, బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇచ్చును. ఇరువది పంకాలు రోజునకు ఆరు గంటలు తిరిగినచో తేడా 5 యూనిట్లకు పైన. పాతవి పాడైనపుడెల్ల క్రొత్తరకము పెట్టుచు పోయినచో ఒకేసారి భారము పడదు. వేసవికి ముందు కప్పుపై తెల్లని సున్నపు పూత వేసినచో గదిలో వేడి తగ్గును, పిల్లలకు హాయి.

ధాన్యపు మిల్లు

క్వింటాలు ధాన్యము మర పట్టినచో రమారమి 20 నుండి 22 కిలోల ఊక వచ్చును. పచ్చి బియ్యపు మిల్లులో ఖర్చంతయు కరెంటుది. ఉప్పుడు బియ్యపు మిల్లులో కరెంటుతో పాటు బాయిలరులో కాల్చు ఊక కూడ ఖర్చే. ఆదా అయిన ఊక అమ్ముడుపోవు సరకు.

మొదట బ్లోయర్లను చూడుడు. గాలి యంత్రము వేగము నూటికి పది తగ్గించినచో అది తీసికొను శక్తి నూటికి 27 తగ్గును. వేగము ఇరువది తగ్గినచో శక్తి సగమునకు వచ్చును. 6 కిలోవాట్లు తీసికొను ఊక బ్లోయరు అవసరమునకు మించి వేగముగా తిరుగుచున్నదనుకొందము. పుల్లీ మార్చి పదవ వంతు వేగము తగ్గించినచో సుమారు 1.6 కిలోవాట్లు మిగులును. రోజునకు పది గంటల వంతున 200 దినములలో 3,200 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకొన్నచో 22,400 రూపాయలు. ఖర్చు ఒక పుల్లీ! అయితే వేగము ఎంత తగ్గించినను ఊక చక్కగా వేరగుచున్నదా, గింజ పోవుచున్నదా అని కొలిచి చూచి తగ్గించవలెను. దీనికే ఇంజనీరు సలహా.

తరువాత చూడవలసినవి ఇవి. వదులైన బెల్టులు జారి శక్తి పోవును. కాలిపోయి పలుమార్లు చుట్టించిన మోటారు మునుపటివలె పనిచేయదు. పని చిన్నదై మోటారు పెద్దదైనచో అదియు నష్టమే. ఉబ్బిన కెపాసిటర్లు పనికిరావు. బిల్లులో పవర్ ఫ్యాక్టరు అంకెను ప్రతి నెల చూడవలెను. రంగు గింజలను ఏరు యంత్రమునకు గాలి ఇచ్చు కంప్రెసరు గొట్టములో 3 మిల్లీమీటర్ల రంధ్రము ఉన్నచో సుమారు 3 కిలోవాట్లు ఆ రంధ్రముననే పోవును. మిల్లు ఆగిన వేళ నిశ్శబ్దములో చెవి పెట్టి వినినచో బుస్సుమను చప్పుడు మీకే వినబడును.

బాయిలరు ఉన్నచోట ఆవిరి గొట్టములకు తొడుగు ఉండవలెను. ఆవిరి చల్లబడి వచ్చిన వేడినీటిని పారబోయక మరల బాయిలరునకే పంపవలెను. బాయిలరుకు పోవు నీటి వేడి 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారి నూటికి ఒక వంతు ఇంధనము మిగులును. ఊకను వానలో తడియనీయకూడదు. మంటకు గాలి ఎక్కువైనను తక్కువైనను నష్టమే. పొగలోని ప్రాణవాయువును కొలిచి సరిచేయు పరికరము కళాశాలవారి వద్ద ఉండును.

మిర్చి గిడ్డంగి

ఏనుమాముల మార్కెట్టునకు వచ్చు మిర్చిలో ధర రాని సరకు శీతల గిడ్డంగులకు చేరును. అచ్చట తలుపు సందులు, చిరిగిన రబ్బరు అంచులు, చల్లబరచు గొట్టములపై పేరుకొన్న మంచు, కండెన్సరులో పట్టిన ఉప్పునీటి పొర ఈ నాలుగు కరెంటును తినును. అవసరమునకు మించి చల్లబరచుట అయిదవది. చల్లబరచు గొట్టములలోని చల్లదనము ఒక డిగ్రీ మితిమీరినచో సుమారు నూటికి మూడు వంతుల కరెంటు అధికముగా పోవును. అయితే పొదుపు పేరిట మిర్చి రంగు, నాణ్యత చెడరాదు. ఉష్ణమాపకములు సరిగా చూపుచున్నవో లేవో మొదట పరీక్షింపవలెను. అమోనియా ఉన్న యంత్రములపై శిక్షణ లేనివారు చేయి వేయరాదు.

పొలములోని పంపుసెట్టు

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. బిల్లు లేదు గదా అని నిర్లక్ష్యము కూడదు. కరెంటు ఉచితమైనను మోటారు చుట్టించుట ఉచితము కాదు. ట్రాన్స్‌ఫార్మరు కాలినచో యాసంగి వరి ఎండును. దానిని ఎవరును తిరిగి ఇవ్వరు. 5 హెచ్.పి. మోటారునకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టించుడు. నీరు సులువుగా పోవు ఫుట్‌వాల్వు, తగిన వెడల్పుగల ప్లాస్టిక్ గొట్టము వాడుడు. ఆటో స్టార్టరు తీసివేయుడు. కరెంటు రాగానే మోటారులన్నియు ఒక్కసారిగా లేచినచో ట్రాన్స్‌ఫార్మరుకు మోయలేని బరువగును. నేలతీగ సరిగా ఉన్నదో లేదో చూపించుకొనుడు. ఇది ప్రాణములకు సంబంధించిన మాట.

ఇంజనీర్లు రాకముందు సిద్ధము చేయవలసినవి

1. గడచిన 12 నెలల కరెంటు బిల్లులు, వరుసక్రమములో.
2. ప్రతి మోటారు పేరుపలకలోని హెచ్.పి., ఎన్నిసార్లు చుట్టించిరి, రోజునకెన్ని గంటలు నడచును అను పట్టిక.
3. నెలవారీ పని లెక్క: మిల్లునకు ఎన్ని క్వింటాళ్లు, ట్యాంకునకు ఎన్ని లీటర్లు, గిడ్డంగికి ఎన్ని బస్తాలు. పని లెక్క లేక యూనిట్ల లెక్క వ్యర్థము. ఈ ఏడు బిల్లు తగ్గినది పొదుపు వలననా, ధాన్యము తక్కువ వచ్చుట వలననా అన్నది తేలదు.
4. యంత్రములు నిండుగా నడచు దినము. మిల్లు ఖాళీగా ఉన్న వేసవి దినమున పిలిచిన ప్రయోజనము లేదు.
5. యంత్రముల సంగతి ఎరిగిన మనిషి ఒకడు దినమంతయు వారి వెంట. యజమాని కంటె మిల్లు డ్రైవరునకు, పంపు నడుపు మనిషికి ఎక్కువ తెలిసియుండును, వారిచే చెప్పింపుడు.

నివేదిక వచ్చిన తరువాత

నివేదిక బీరువాలో పెట్టినచో ఒక్క యూనిటును మిగులదు. అందులోని సలహాలను మూడు భాగములుగా చేయుడు. ఖర్చు లేనివి వారములోగా, కొద్ది ఖర్చువి మూడు నెలలలోగా, పెద్ద ఖర్చువి సొమ్ము తిరిగి వచ్చు కాలము చూచి చేయవలెను. 20,000 రూపాయలు పెట్టి సంవత్సరమునకు 10,000 మిగిలినచో రెండేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. ఆపైన అంతయు లాభమే. పంచాయతీ అయినచో ఈ పట్టికను గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఏ పని ఎవరిది, ఏ తేదీలోగా అన్నది తీర్మానపు పుస్తకములోనికి ఎక్కవలెను. పని ముగిసిన పిదప మొదట కొలిచినట్లే మరల కొలిచి, అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయవలెను.

ఒక హెచ్చరిక. ఇంటి గోడ సాకెట్టులో పెట్టినచో బిల్లు సగమగునని చెప్పి అమ్ము చిన్న పెట్టెలను కొనకుడు. ఇంటి మీటరు లెక్కించునది వాడిన యూనిట్లను. ఆ పెట్టె వానిని తగ్గించదు. ఎవరైన ఏదైన వస్తువును అమ్మవచ్చినచో, పెట్టకముందు ఎన్ని యూనిట్లు, పెట్టిన తరువాత ఎన్ని యూనిట్లు, అదే పనికి కొలిచి చూపుమని అడుగుడు. చూపలేనివానికి సొమ్ము ఇవ్వకుడు.

రైతు సోదర సోదరీమణులారా, గ్రామాధికారులారా! ధాన్యమును కాటా లేకుండ అమ్ముటకు మీలో ఎవరును ఒప్పుకొనరు. కరెంటును మాత్రము కాటా వేయక ఖర్చు చేయుచున్నాము. ఈ నెల మీ ఊరి ట్యాంకును ఒకసారి కొలిచి చూడుడు. లెక్క తప్పినచో ఆ అంకెలతో కళాశాలకు ఉత్తరము వ్రాయుడు. సహకార సంఘపు మిల్లు ఉన్నచో తరువాతి సర్వసభ్య సమావేశమున ఈ విషయము ఎత్తుడు.